అద్దె కెమెరా పగిలితే బిల్లు ఎవరు కట్టాలి?

2025 జూన్‌లో శంషాబాద్ దగ్గర ‘ది ఇండియా హౌస్’ షూటింగులో పెద్ద నీళ్ల ట్యాంకు పగిలి సెట్టు మునిగింది. మనుషులు గాయపడ్డారు. ఖరీదైన సామగ్రి తడిసి పాడైంది. పెద్ద బ్యానర్లు ఇలాంటి దెబ్బకు ఎలాగోలా తట్టుకుంటాయి. కృష్ణానగర్‌లోనో యూసఫ్‌గూడలోనో ఒక ఫ్లాటునే ఆఫీసుగా చేసుకుని యాడ్ ఫిల్ములు, వెబ్ సిరీసులు, చిన్న సినిమాలు తీసే సంస్థ తట్టుకోలేదు. ఒక కెమెరా బాడీ, ఒక లెన్స్ సెట్టు పోతే తర్వాతి సినిమా ఆగిపోయినట్టే. ఇన్సూరెన్స్ లేదని తెలిసినవాళ్లు కనీసం భయంతోనైనా జాగ్రత్తపడతారు. ఉందనుకుని ధీమాగా ఉన్నవాళ్లకే ముప్పు ఎక్కువ. ఆ ధీమాకు కారణమయ్యే అపోహలు కొన్ని ఇవి.

అపోహ: అద్దె సామాను కదా, వాళ్లకు ఇన్సూరెన్స్ ఉంటుంది. మనకెందుకు?

చిన్న నిర్మాతను నిలువునా ముంచేది ఈ మాటే. అద్దెకిచ్చేవాళ్లు తీసుకున్న పాలసీ వాళ్లను కాపాడటానికి. నిర్మాత పేరు అందులో ఎక్కడా ఉండదు. కెమెరా పగిలితే ఇన్సూరెన్స్ కంపెనీ యజమానికి డబ్బు చెల్లిస్తుంది. అక్కడితో కథ ముగియదు. చెల్లించాక ఆ కంపెనీ యజమాని స్థానంలోకి వచ్చి, నష్టానికి బాధ్యులెవరో వాళ్ల దగ్గర ఆ మొత్తం రాబట్టుకోవచ్చు. దీన్నే సబ్రొగేషన్ అంటారు. లారీ రవాణాలో పాడైన సరుకు విషయంలో ఎకనామిక్ ట్రాన్స్‌పోర్ట్ ఆర్గనైజేషన్, చరణ్ స్పిన్నింగ్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2010లో ఈ సూత్రాన్ని వివరంగా చెప్పింది. సరుకుకు వర్తించే సూత్రం కెమెరాకూ వర్తిస్తుంది.

చట్టం మరీ కఠినంగా ఏమీ లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151, 152 సెక్షన్ల ప్రకారం, పరాయి వస్తువు మన దగ్గరున్నప్పుడు, బుద్ధిగల మనిషి తన సొంత వస్తువును ఎంత భద్రంగా చూసుకుంటాడో అంత భద్రంగా చూసుకుంటే చాలు. ఆపైన నష్టం జరిగినా బాధ్యత మనది కాదు. అయితే 152లోనే ఒక మెలిక ఉంది: ప్రత్యేక ఒప్పందం ఏదీ లేకపోతేనే ఈ రక్షణ.

ఆ ప్రత్యేక ఒప్పందం తెల్లవారుజామున నాలుగున్నరకు జరుగుతుంది. వ్యాను ఎక్కేముందు కెమెరా అసిస్టెంట్ పెట్టెలు లెక్కపెట్టుకుని, ఫోన్ టార్చి వెలుగులో డెలివరీ చలానా మీద సంతకం పెట్టేస్తాడు. వెనకవైపు సన్నని అక్షరాల్లో ఏముందో ఎవరూ చూడరు. పోయినా పగిలినా పూర్తి ఖరీదు అద్దెకు తీసుకున్నవాళ్లదేనని అక్కడ రాసి ఉండొచ్చు. రిపేరులో ఉన్నన్ని రోజుల అద్దె కూడా వాళ్లదేనని ఉండొచ్చు. ఆ కుర్రాడి సంతకంతో మొత్తం భారం కంపెనీ నెత్తిన పడుతుంది. కాబట్టి ఒప్పందం కాగితం ముందురోజే ఆఫీసుకు తెప్పించుకుని చదవాలి. మన పాలసీలో అద్దెకు తెచ్చిన సామగ్రికి కూడా కవర్ అడగాలి. అది కుదరకపోతే, యజమాని పాలసీలో మన పేరు చేర్చమని, మన మీద రాబట్టుకునే హక్కును ఇన్సూరెన్స్ కంపెనీ వదులుకున్నట్టు రాతపూర్వకంగా ఇప్పించమని పట్టుబట్టాలి. నోటిమాటగా ‘మేం చూసుకుంటాం సార్’ అంటే ఒప్పుకోవద్దు.

అపోహ: సగం విలువకు పాలసీ తీసుకుంటే ప్రీమియం తగ్గుతుంది, చిన్న నష్టాలు ఎలాగూ వచ్చేస్తాయి

రావు. మొత్తం సామగ్రి 40 లక్షలు, పాలసీలో రాసింది 20 లక్షలు అనుకుందాం. 6 లక్షల లెన్స్ పగిలింది. 20 లక్షల లోపే కదా, 6 లక్షలూ వస్తాయనుకుంటాం. యావరేజ్ క్లాజ్ ఉన్న పాలసీలో వచ్చేది 3 లక్షలే. సగానికే బీమా చేశారు కాబట్టి ప్రతి నష్టంలోనూ సగం మీరే భరించాలన్నది లెక్క. అందులోంచి ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిమ్‌లోనూ మన వాటాగా ముందే ఒప్పుకున్న మొత్తం, కూడా పోతుంది. కొత్తది కొనే ధర ఇస్తారా, తరుగుదల తీసేసి పాత ధర ఇస్తారా అన్నది మరో ప్రశ్న. రెండేళ్లు గడిచిన కెమెరా బాడీకి ఈ తేడా చాలా పెద్దది.

అపోహ: ‘ఆల్ రిస్క్’ అంటే అన్నీ వచ్చినట్టే

పాలసీలో మినహాయించినవి తప్ప మిగతావి అని అర్థం. మినహాయింపులు తక్కువేం కాదు. వానాకాలం కోనసీమలోనో అరకులోనో షూటింగు చేసొచ్చి పెట్టె తెరవకుండా వదిలేస్తే లెన్స్‌కు పట్టే ఫంగస్, వాడకంతో వచ్చే అరుగుదల సాధారణంగా క్లెయిమ్‌కు పనికిరావు. మనిషి కాపలా లేని కారులోంచి బ్యాగు పోతే, తలుపు బద్దలుకొట్టిన ఆనవాళ్లు కావాలంటారు. మెమరీ కార్డు పాడైతే కార్డు ఖరీదు రావచ్చు గానీ, అందులోని సీన్లను మళ్లీ తీసే ఖర్చుకు వేరే కవర్ ఉండాలి. విదేశాల్లో పాటకు వెళ్తే, పాలసీ భారతదేశానికే పరిమితమా అని చూసుకోవాలి. అప్పుడు ఫిక్కీ ఇచ్చే ఏటీఏ కార్నెట్ కస్టమ్స్ సుంకం లేకుండా సామగ్రిని తీసుకెళ్లి తెచ్చుకోవడానికే. అది ఇన్సూరెన్స్ కాదు.

డ్రోన్ సంగతి వేరు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌కు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అది డ్రోన్ వల్ల ఇతరులకు జరిగే నష్టానికే. డ్రోన్ చెరువులో పడితే దాంతో పైసా రాదు.

మనుషుల సంగతి ఇంకా ముఖ్యం. 2020 ఫిబ్రవరిలో చెన్నై దగ్గర ‘ఇండియన్ 2’ సెట్లో క్రేన్ కూలి ముగ్గురు చనిపోయారు. సామగ్రి పాలసీ ఎంత పెద్దదైనా లైట్‌మ్యాన్ కుటుంబానికి ఏమీ ఇవ్వదు. యూనిట్ సభ్యులకు విడిగా కవర్ తీసుకోకుండా షూటింగు మొదలుపెట్టడం అన్యాయం. బడ్జెట్ ఎంత చిన్నదైనా సరే.

అపోహ: కెమెరా తీసుకెళ్లి తిరిగి ఇవ్వలేదు, దొంగతనం కిందే క్లెయిమ్ వస్తుంది

షూటింగు లేని రోజుల్లో కెమెరాను బయటికి అద్దెకిచ్చి ఈఎంఐ కట్టుకునే సంస్థలు ఇది తప్పక తెలుసుకోవాలి. ఎవరో ఆధార్ కాపీ ఇచ్చి, అడ్వాన్సు కట్టి, పెళ్లి షూటింగని కెమెరా పట్టుకెళ్లి ఫోన్ స్విచాఫ్ చేస్తాడు. మన దృష్టిలో వాడు దొంగే. చట్టం దృష్టిలో, మనం ఇష్టపడి చేతికిచ్చాం కాబట్టి ఇది సాధారణంగా నమ్మకద్రోహం లేదా మోసం. భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్, నమ్మకద్రోహం 316, మోసం 318. చాలా పాలసీలు దొంగతనానికి డబ్బిస్తాయి గానీ, అప్పగించిన వస్తువుతో ఉడాయిస్తే ఇవ్వవు. ఎఫ్ఐఆర్‌లో 316, 318 కనిపించగానే క్లెయిమ్ ఫైలు పక్కకు పోవచ్చు. పైగా, బయటికి అద్దెకిస్తామని పాలసీ తీసుకునేటప్పుడు చెప్పకపోతే, దాచారన్న కారణం కూడా తోడవుతుంది. కాబట్టి ముందే చెప్పాలి, అద్దెకిచ్చిన వస్తువు తిరిగి రాకపోతే కవర్ ఉందా అని అడగాలి, జవాబు కాగితం మీద తీసుకోవాలి.

ఏజెంటు వాట్సాప్‌లో ‘డన్ సార్’ అన్నంత మాత్రాన రేపటి షూటింగుకు కవర్ ఉన్నట్టు కాదు. ఇన్సూరెన్స్ చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందితేనే కంపెనీకి బాధ్యత మొదలవుతుంది.

నష్టం జరిగిన రోజు చేయాల్సినవి: పగిలిన వస్తువును కదపకముందే ఫొటోలు తీయడం, సీరియల్ నంబరు, బిల్లు దగ్గరపెట్టుకోవడం, కంపెనీకి అదే రోజు ఈమెయిల్ పంపడం, సర్వేయర్ చూసేదాకా రిపేరుకు ఇవ్వకపోవడం. క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా, ఏడాదిలోగా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. సొంత ప్రొప్రైటరీ సంస్థలకు, సూక్ష్మ సంస్థలకు ఈ దారి తెరిచే ఉంది. పరిమితి 50 లక్షలు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉంది.