విహారమూ ఒక మందే, మోతాదు తెలిసి వాడుకోండి

మీ ఇంటిల్లిపాదీ కలిసి ఊరి పొలిమేర దాటి ఎన్నాళ్లయింది? పెళ్లికో, ఆసుపత్రికో, పిల్లల చదువు పనికో వెళ్లినవి లెక్కలోకి తీసుకోకండి. ఏ పనీ పెట్టుకోకుండా, నలుగురూ ఒకే చాప మీద కూర్చుని అన్నం తినడం కోసం వెళ్లింది ఎప్పుడో గుర్తు చేసుకోండి.

కోరాపుట్, జయపూర్, సునాబెడ, రాయగడలలో స్థిరపడిన మన కుటుంబాల్లో చాలామంది ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు ఈ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలో భాగం. అందుకే ఇక్కడ తెలుగు ఇళ్లు తరతరాలుగా ఉన్నాయి. విశాఖ, విజయనగరాల నుంచి జనం బండ్లు మాట్లాడుకుని వచ్చి చూసే కొండలు మన గుమ్మం ముందే ఉన్నాయి. 'ఎప్పుడైనా వెళ్లొచ్చులే' అనుకుంటూ మనమే ఏళ్లు గడిపేస్తాం.

ఆరోగ్య శీర్షికలో షికార్ల ముచ్చట ఏమిటని అనుకోకండి. యునానీ వైద్యంలో దీనికి గట్టి స్థానమే ఉంది.

ఆరు తప్పనిసరి అవసరాలు

మనిషి ఆరోగ్యం ఆరు విషయాల మీద నిలబడి ఉంటుందని హకీములు చెబుతారు. వీటిని అస్బాబె సిత్తా జరూరియా అంటారు. అవి: గాలి, తిండీ నీరూ, శరీర శ్రమా విశ్రాంతీ, మనసు కదలికా నెమ్మదీ, నిద్రా మెలకువా, ఒంట్లో ఉంచుకోవలసినవి ఉంచుకోవడం, విసర్జించవలసినవి విసర్జించడం. 11వ శతాబ్దంలో బగ్దాదు వైద్యుడు ఇబ్నె బుత్లాన్ తన 'తఖ్వీముస్సిహ్హా' గ్రంథంలో ఈ ఆరింటినీ అందరికీ అర్థమయ్యేలా పట్టికలుగా అమర్చి చూపించాడు.

ఇప్పుడు మీ ఇంటి ఇల్లాలి దినచర్యను ఈ ఆరింటితో పోల్చి చూడండి. పొద్దుట్నుంచి వంటగది పొగ, నలుగురూ తిన్నాక మిగిలిన తిండి, పని ఉన్నా నడక లేని రోజు, అందరికంటే ఆలస్యంగా నిద్ర. ఇంట్లో ఉన్న దాదీమా సంగతీ అంతే. మంచం, కిటికీ, మందుల డబ్బా. ఒంట్లో పెద్ద జబ్బేదీ లేకపోయినా తలనొప్పి, గుండె దడ, అరుగుదల లేకపోవడం, ఊరికే కోపం రావడం లాంటి ఫిర్యాదులు వీళ్లకే ఎక్కువ. అలాంటప్పుడు ముందుగా డాక్టరుకు చూపించి రక్తహీనత, థైరాయిడ్, బీపీ, షుగర్ పరీక్షలు చేయించండి. అవి బాగానే ఉంటే, చెడింది ఈ ఆరింటిలో ఏదో అని అర్థం చేసుకోండి.

ఇబ్నె సీనా గుండెకు సంబంధించిన మందుల మీద 'అద్వియతుల్ ఖల్బియా' అనే పుస్తకం రాశాడు. అందులో సంతోషానికీ దిగులుకూ గుండెతో ఉన్న సంబంధాన్ని వివరించాడు. మనసుకు ఉల్లాసం కలిగించే మందుల్ని యునానీలో ముఫర్రిహ్ అంటారు. ఖమీరాల్లో చాలా భాగం ఈ జాతివే. పచ్చటి చోట, ఇష్టమైన మనుషులతో గడిపిన ఒక పూట కూడా ముఫర్రిహే. అయితే మందన్నాక మోతాదు ఉంటుంది, పత్యం ఉంటుంది.

ఎవరికి ఏ చోటు?

అందరి మిజాజూ ఒకటి కాదు కాబట్టి ఒకే చోటు అందరికీ పడదు.

ఒళ్లు వేడి చేసే, త్వరగా చిరాకు పడే సఫ్రావీ తత్వం వారికి ఎత్తయిన చల్లటి చోట్లు హాయినిస్తాయి. కోరాపుట్ పట్టణమే సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. పొట్టంగి వైపున్న దేవమాలి 1,672 మీటర్లతో ఒడిశాలోకెల్లా ఎత్తయిన శిఖరం. నాగావళి లోయలో వేడికి ఉడికే రాయగడ వాసులకు ఇంతకంటే మంచి షర్బతు లేదు. ఎండ ముదరక ముందే కొండ మీదికి చేరండి.

కఫం ఎక్కువగా ఉండే బల్గమీ తత్వం వారు, ఉబ్బసం ఉన్నవారు చలికాలంలో తెల్లవారుజామున దేవమాలి ఎక్కవద్దు. ఆ మంచు, ఆ ఈదురు గాలి ఛాతీని పట్టేస్తాయి. వీరు ఎండ వచ్చాకే బయలుదేరాలి. కోలాబ్ జలాశయం దగ్గరి తోటలో నెమ్మదిగా నడవడం వీరికి మేలు.

దిగులుగా, ముభావంగా ఉండే సౌదావీ తత్వం వారికి పారే నీళ్లు, పచ్చదనం, కబుర్లు చెప్పే తోడు కావాలి. రాయగడ దగ్గర నాగావళిలో ఏనుగుల్లా కనిపించే హాతీపథర్ బండలు, చెకాగుడ వేలాడే వంతెన ఇందుకు అనువైనవి. మచ్‌కుండ్ నదిపై సుమారు 175 మీటర్ల ఎత్తు నుంచి దూకే డుడుమా జలపాతం సరేసరి. అయితే మోకాళ్ల నొప్పులున్న పెద్దల్ని మెట్లూ లోయలూ దిగమని బలవంతపెట్టకండి. పైనుంచి చూసినా అదే నీరు.

ఒక హెచ్చరిక. వానాకాలంలో కొండ వాగుల్ని నమ్మకండి. మీ నెత్తిన చినుకు పడకపోయినా పైన కొండల్లో కురిసిన వాన నిమిషాల్లో కిందికి వస్తుంది. 2017 జూలైలో రాయగడ జిల్లాలో తెరుబలి సమీపాన వచ్చిన ఆకస్మిక వరద రైలు వంతెననే కూల్చేసింది. పిల్లల్ని బండల మీద ఆడుకోమని వదిలేసి ఫొటోలు తీసుకుంటూ ఉండకండి.

ఘాటీ దారిలో

సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ వచ్చే మలుపుల్లో చాలామంది పిల్లలకు వాంతులవుతాయి. ఖాళీ కడుపుతో బయలుదేరినా తప్పే, నెయ్యి కారే పరాటాలు తిని బయలుదేరినా తప్పే. గంట ముందు ఇడ్లీ గానీ రస్కు గానీ కొద్దిగా పెట్టండి. ముందు సీట్లో కూర్చోబెట్టలేకపోయినా, దూరంగా ఉన్న కొండను చూడమనండి. బండిలో సెల్‌ఫోన్ చూడనివ్వకండి. నోట్లో చిన్న అల్లం ముక్కో, యాలక్కాయో వేసుకుంటే పెద్దవాళ్లకు వికారం తగ్గుతుంది.

వీలుంటే రైలెక్కండి. రాయగడ నుంచి తికిరి, లక్ష్మీపూర్ రోడ్డు, కకిరిగుమ్మ మీదుగా కోరాపుట్ చేరే మార్గంలో సొరంగం వెనుక సొరంగం వస్తుంది. పిల్లలు వాటిని లెక్కపెడుతూ వాంతుల మాటే మరిచిపోతారు. పెద్దలకు కాళ్లు చాపుకునే వీలూ, మరుగుదొడ్డీ ఉంటాయి.

బండి నడిపేవారు మధ్యాహ్నం బిర్యానీ నిండుగా తిని వెంటనే స్టీరింగు పట్టకండి. అరగంట ఖైలూలా, అంటే మధ్యాహ్నపు కునుకు, తీసి బయలుదేరండి.

టిఫిన్ క్యారియర్‌లో ఏముండాలి?

ఇబ్నె సీనా 'అల్ ఖానూన్'లో ప్రయాణికుల పత్యానికి విడిగా చోటిచ్చాడు. ఊరు మారితే నీరు మారుతుందని, నీటి విషయంలో జాగ్రత్త పడాలని హెచ్చరించాడు. కాచి చల్లార్చిన నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా తాగవద్దు.

వేడి చోట్లకు నిమ్మరసం, తేనె, చిటికెడు ఉప్పు కలిపిన సికంజబీన్ పట్టుకెళ్లండి. షుగర్ ఉన్నవారు తేనె మానేయాలి. ఏడాది నిండని పసిపిల్లలకు కొండ తేనె చుక్క కూడా నాకించవద్దు, అది ప్రమాదకరం. ఎండలో మాంసం కూర త్వరగా పాడవుతుంది. అందుకే పెరుగన్నం, పులిహోర, కబాబులైతే పొడిగా వేయించినవి మేలు. సంత దారిలో ఆగితే అక్కడి మాండియా, అంటే మన చోళ్లు, కొనుక్కోండి. చోడంబలిని హకీములూ బలమైన, చలవైన ఆహారంగానే చెబుతారు. షుగర్, బీపీ మాత్రలు షికారు రోజున మానేయకూడదు.

ఆడవాళ్లు నీళ్లెందుకు తాగరు?

ఇది మగవాళ్లు తప్పకుండా చదవాలి. ప్రయాణమంటే మన ఇళ్లల్లో ఆడవాళ్లు ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తగ్గించేస్తారు. దారిలో మరుగుదొడ్డి ఉంటుందో లేదోనన్న భయం. ఆరు అవసరాల్లో ఆరోదైన విసర్జనను ఆపిపెట్టడాన్ని ఇహ్తిబాస్ అంటారు. దీనివల్ల తలనొప్పి, మలబద్ధకం, మూత్రంలో మంట వస్తాయి. షికారుకెళ్లి వచ్చిన మర్నాడు అమ్మీకి ఒంట్లో బాగోలేదంటే 'గాలి పడలేదు' అంటారు. చాలాసార్లు పడనిది గాలి కాదు, తాగని నీళ్లు. బయలుదేరే ముందే దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడుందో ఇంటి యజమాని కనుక్కోవాలి. రైల్వే స్టేషను, పెట్రోలు బంకు, తెలిసినవారి ఇల్లు, ఏదైనా సరే. రెండు గంటలకొకసారి వాళ్లు అడగకుండానే బండి ఆపండి.

తిరిగొచ్చాక జ్వరం వస్తే

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. మన రెండు జిల్లాలూ మలేరియా ప్రాంతాలు. కొండవాగుల్లో పెరిగే దోమలు సాయంత్రం నుంచి తెల్లవారే దాకా కుడతాయి. కుట్టిన మర్నాడే జ్వరం రాదు. సుమారు 10, 15 రోజులు, ఒక్కోసారి ఇంకా ఆలస్యమవుతుంది. అప్పటికి షికారు సంగతే మరిచిపోయి ఉంటారు. జలుబు జ్వరమనుకుని జోషాందా కాచి ఇస్తూ రెండు మూడు రోజులు గడిపేస్తారు. ఆ రెండు రోజులే పసిపిల్లలకూ గర్భిణులకూ ప్రాణాంతకం కావచ్చు.

పాత హకీములు ఈ జ్వరాన్ని చిత్తడి నేలలతో ముడిపెట్టి హుమ్మా అజామియా అన్నారు. దోమకు దీనితో సంబంధం ఉందని రుజువైంది మన తెలుగునేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. కాబట్టి చలి జ్వరం వస్తే 24 గంటల లోపల రక్తపరీక్ష చేయించండి. ఆశా కార్యకర్త దగ్గర కూడా ఈ పరీక్ష ఉచితం. మలేరియా తేలితే డాక్టరిచ్చిన మాత్రలు జ్వరం తగ్గినా చివరిదాకా వాడాలి. ఆ మాత్రల బదులు కషాయం పనికిరాదు. కోలుకునేటప్పుడు మాత్రం అరుగుదలకు, బలానికి యునానీ సాయం తీసుకోవచ్చు. పరీక్షలో మలేరియా లేదని తేలినా జ్వరం తగ్గకపోతే మళ్లీ చూపించండి. ఒంటి మీద నల్లటి చెక్కు కట్టిన పుండు కనిపిస్తే డాక్టరుకు చెప్పండి. గడ్డిలో ఉండే పురుగుల వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్‌కు అది గుర్తు.

వాగుల దగ్గర మగ్రిబ్ వేళ దాకా ఉండకండి. పిల్లలకు నిండు చేతుల చొక్కాలు వేయండి. రాత్రి ఎక్కడ బస చేసినా దోమతెర కట్టండి.

నెలకు ఒక్క పూట

పెద్ద ప్రయాణాలకు డబ్బూ సెలవూ కావాలి. కానీ నెలకు ఒక్క పూట ఎవరికైనా కుదురుతుంది. ఆ పూట వంట పని అందరూ పంచుకోండి. లేకపోతే ఇల్లాలికి అది షికారు కాదు, చోటు మారిన వంటిల్లు. మిగిలిన రోజుల్లో అస్ర్ నమాజు తరువాత అరగంట నడక చాలు. దాదీమాను చేయి పట్టుకుని వీధి చివరి దాకా తీసుకెళ్లండి. రాత్రి భోజనాల దగ్గర టీవీ కట్టేసి కబుర్లు చెప్పుకోండి.

వచ్చే ఆదివారం ఎక్కడికి వెళ్లాలో ఈసారి మీ ఇంట్లో ఆడవాళ్లనే అడగండి. వాళ్లు చెప్పిన చోటికే తీసుకెళ్లండి.