మిరప సారంలో వెండి రేణువులు

పిడుగురాళ్ల అనగానే మీకు సున్నం గుర్తుకు వస్తుంది కదూ? అక్కడి బట్టీలలో సున్నపురాయిని కాలుస్తారు, మిల్లులలో పొడి చేస్తారు. పెద్ద వస్తువును చిన్నది చేయడానికి మనకు తెలిసిన దారి ఇదే. కాని వెండిని నానోమీటర్లలో కొలిచేంత సన్నని రేణువులుగా చేయాలంటే ఇంకొక దారి ఉంది. విడివిడిగా ఉన్న పరమాణువులను ఒకచోట చేర్చడం! ఆ పనికి పల్నాటి చేలలో పండే మిరప కూడా సాయపడుతుందంటే నమ్ముతారా?

మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. అంత సన్నని రేణువులు ఎందుకంటారా? లెక్క వేసి చూడండి. 1 సెంటీమీటరు భుజం గల వెండి ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దానినే 10 నానోమీటర్ల ఘనాలుగా కోయగలిగితే, మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లవుతుంది. అంటే దాదాపు 15 సెంట్ల స్థలం! రసాయన చర్య జరిగేది ఉపరితలం మీదనే. బాక్టీరియాను చంపే వెండి అయాన్లు వెలువడేదీ అక్కడినుంచే.

ఇక తయారీ సంగతి. సిల్వర్ నైట్రేటును నీటిలో కరిగిస్తే వెండి అయాన్లు ఏర్పడతాయి. అయాను అంటే ఇక్కడ ఒక ఎలక్ట్రానును పోగొట్టుకున్న వెండి పరమాణువు. ఆ ఎలక్ట్రానును తిరిగి ఇస్తే అది మామూలు వెండి అవుతుంది. దీనినే క్షయకరణం అంటారని మీరు చదివే ఉంటారు. ప్రయోగశాలలలో ఇందుకు సోడియం బోరోహైడ్రైడ్ వంటి రసాయనాలు వాడతారు. మొక్కల సారంలో ఎలక్ట్రాన్లను ఇవ్వగల పదార్థాలు సహజంగానే ఉంటాయి. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల శాస్త్రజ్ఞులు వేపాకు కషాయంతో వెండి, బంగారు రేణువులను తయారుచేసి 2004లో ప్రకటించారు. 2007లో చైనాలోని అన్‌హుయ్ విశ్వవిద్యాలయం వారు మిరప సారంతో వెండి రేణువులను చేశారు. సారంలోని ప్రోటీన్లు ఎలక్ట్రాన్లను ఇవ్వడమే కాక, రేణువుల చుట్టూ అంటుకొని అవి మరీ పెద్దవి కాకుండా అదుపు చేస్తాయని వారు వివరించారు. 10 నానోమీటర్ల వెండి గోళంలో ఉండేవి సుమారు 30 వేల పరమాణువులే!

రేణువులు పుట్టాయని గుర్తు ఏమిటి? రంగు. ద్రావణం పసుపుకో గోధుమకో తిరుగుతుంది. మెరిసే తెల్లని వెండి పసుపుగా కనిపించడం వింతే. ఈ రేణువులు ఊదా, నీలి కాంతిని పీల్చుకోవడమే అందుకు కారణం. (సిల్వర్ నైట్రేటు చర్మానికి తగిలితే నల్లని మచ్చ పడుతుంది. ఉపాధ్యాయుని పర్యవేక్షణ లేకుండా ముట్టుకోకండి.)

దీనికి హరిత పద్ధతి అని పేరు. ఆ పేరును పూర్తిగా ఒప్పుకోవడానికి లేదు. సిల్వర్ నైట్రేటును వెండిపై నత్రికామ్లంతోనే తయారుచేస్తారు. పైగా మిరప రకాన్ని బట్టి, నేలను బట్టి, కోసిన కాలాన్ని బట్టి సారం మారుతుంది. ఈ వారం వచ్చిన రేణువు పరిమాణం వచ్చే వారం రాకపోవచ్చు. తెగులు పుట్టించే బాక్టీరియాను చంపే వెండి, నేలలో నత్రజనిని పైరుకు అందే రూపంలోకి మార్చే మంచి బాక్టీరియానూ విడిచిపెట్టదు. ఆకుతో పుట్టినా, బోరోహైడ్రైడుతో పుట్టినా వెండి వెండే.