తాతకు షుగరుంటే మనవరాలికి?

"తాతయ్యా, నీకు షుగరు, నాన్నకు షుగరు. ఇక నాకు రాకుండా ఉంటుందా?" అని అడిగావు కదమ్మా. చేతిలో అరిసె పట్టుకుని అడిగే ప్రశ్నేనా ఇది? సరేలే, తింటూనే విను.

చిన్నపిల్లలకు ఎక్కువగా వచ్చే టైప్ 1 సంగతి వేరు. నేను చెప్పేది పెద్దయ్యాక వచ్చే టైప్ 2 గురించి. ఇది వంశంలో నడుస్తుందన్నది నిజమే. అయితే ‘షుగరు జన్యువు’ అని ఒకటి ఉందనీ, అది ఉంటే వచ్చి తీరుతుందనీ, లేకపోతే రానే రాదనీ కొందరంటారు చూడు, అది మాత్రం నిజం కాదు.

2006లో ఐస్‌లాండ్ శాస్త్రవేత్తలు ఒక జన్యువును పట్టుకున్నారు. దాని పేరు టీసీఎఫ్7ఎల్2. ఇలాంటి పేర్లు ఎవరు పెడతారో గానీ, నోరు తిరగదు. మన డీఎన్ఏలో 300 కోట్ల అక్షరాలుంటాయి. పదో క్రోమోజోము మీదున్న ఈ జన్యువులో ఒకచోట కొందరికి ‘సి’ బదులు ‘టి’ ఉంటుంది. తేడా అంతే! అమ్మ నుంచో నాన్న నుంచో ఒక ‘టి’ వస్తే షుగరు వచ్చే అవకాశం సుమారు 40 శాతం పెరుగుతుంది. ఇద్దరి నుంచీ వస్తే దాదాపు రెట్టింపు అవుతుంది. మరుసటేడే మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన గిరిరాజ్ చందక్ బృందం పుణే డాక్టర్లతో కలిసి చూస్తే, మనవాళ్లలోనూ ఆ అక్షరానికీ షుగరుకీ గట్టి సంబంధమే కనిపించింది.

ఆ ‘టి’ ఏం చేస్తుందంటావా? మన పొట్టలో క్లోమం ఉంటుంది కదా, అందులో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలుంటాయి. ‘టి’ ఉన్నవాళ్లలో అవి కాస్త తక్కువ ఇన్సులిన్ వదులుతాయి. పాతికమందికి ఒంటిచేత్తో వండిపెట్టే వంటాయన ఉన్నాడనుకో. బంతికి వందమంది వచ్చి కూర్చుంటే ఏం చేస్తాడు? చేతులెత్తేస్తాడు. పొట్ట చుట్టూ కొవ్వు చేరితే ఒంట్లోని కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినవు. అంతకుముందు కొంచెంతో అయ్యే పనికి ఇప్పుడు బోలెడు కావాలి. వంటాయన సత్తా ఎంతో పుట్టుకతోనే కొంత తేలిపోతుంది. ఎన్ని విస్తళ్లు వేయాలన్నది మాత్రం చాలావరకు మన చేతుల్లోనే ఉంటుంది.

డీఎన్ఏలో షుగరుతో ముడిపడ్డ చోటు ఇదొక్కటే కాదు, ఇప్పటికి ఇలాంటివి 600కు పైగా తేలాయి. చాలావాటి బలం ఈ ‘టి’కంటే తక్కువే.

అయితే జన్యువులతోనే అంతా తేలిపోదు. అమెరికాలోని అరిజోనాలో పీమా తెగవాళ్లున్నారు. వాళ్ల బంధుజాతి సరిహద్దు దాటి మెక్సికో కొండల్లో బతుకుతోంది. జన్యువులు చాలా దగ్గరివి. 2006లో అచ్చయిన లెక్క ప్రకారం అరిజోనా పీమాల్లో పెద్దవాళ్లకు 38 శాతం షుగరుంటే, మెక్సికో పీమాల్లో 7 శాతం లోపే. మెక్సికోవాళ్లు పొలం పనితో, కాలినడకతో బతుకుతారు. అరిజోనా వాళ్ల పొలాలకు నీళ్లందించిన గీలా నదిని ఎగువనున్న వలసదారులు మళ్లించేసుకున్నాక, సాగు పోయి, బయటి తిండి వచ్చి చేరింది. ఆ 38 శాతాన్ని ఒట్టి జన్యువుల ఖాతాలో రాయడం నా దృష్టిలో అన్యాయం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇంకోటి ఉంది. షుగరు అంచున ఉన్న 3,234 మందిని తీసుకుని అమెరికాలోనే ఒక పెద్ద పరిశోధన చేశారు. కొందరికి మందు ఇచ్చారు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. కొందరినేమో వారానికి 150 నిమిషాలు నడవమనీ, బరువులో 7 శాతం తగ్గమనీ చెప్పి వెంటపడ్డారు. ఉత్తుత్తి మాత్ర గుంపుతో పోలిస్తే ఈ మూడో గుంపులో కొత్తగా షుగరు రావడం 58 శాతం తగ్గింది. తర్వాత వాళ్ల జన్యువులూ చూశారు. ఉత్తుత్తి మాత్ర గుంపులో రెండు ‘టి’లున్నవాళ్లకు, అసలు లేనివాళ్లకంటే 80 శాతం ఎక్కువగా షుగరు వచ్చింది. నడిచిన గుంపులో ఆ తేడా లెక్కకు నిలవనంత చిన్నదైపోయింది. ‘టి’ ఎక్కడికీ పోలేదమ్మా, ఉన్నచోటే ఉంది. దాని ఆట సాగలేదంతే.

కాబట్టి వేలు పోసి జన్యు పరీక్ష చేయించుకుంటానంటే నేను వద్దనే అంటాను. చెన్నైలో డాక్టర్ మోహన్ బృందం 2005లో మనవాళ్ల కోసమే 100 మార్కుల లెక్క ఒకటి తయారుచేసింది. వయసు, నడుము కొలత, ఒంటికి పని, వంశం, అంతే, సూది గుచ్చాల్సిన పని లేదు. 60 వచ్చిందంటే ముప్పు ఎక్కువని అర్థం. తల్లిదండ్రులిద్దరికీ షుగరుంటే 20 మార్కులు పడతాయి. వ్యాయామం లేక, పనీ కూర్చుని చేసేదే అయితే 30 పడతాయి. ఇక్కడ తక్కువ మార్కులు వచ్చినవాడే తెలివైనవాడు!

మీ నాన్న ఒక్కడివల్ల నీ ఖాతాలో పడ్డవి పదే. మిగతావి నువ్వు వేసుకోకు. నీకు 30 నిండాక ఏటా ఒకసారి పరగడుపున రక్తం చూపించుకో. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఊరికే చేస్తారు.