శునకపాద రక్షణము



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము మిక్కిలి చిన్నది. కుక్క పాదమున ముల్లు విఱిగినను, ఎండకు అఱికాలు కాలినను గృహస్థుడు చేయదగిన దేమి? చిరకాలము పిల్లలకు శబ్దములు వల్లెవేయించిన పంతులునకు ఈ ప్రసంగ మేల యని కొందఱు నవ్వవచ్చును. కాని మన భారతమున ఆదిపర్వారంభముననే సరమ యను దేవశుని వచ్చి, తప్పుచేయని తన కుమారుని ఏల కొట్టితిరని జనమేజయుని సభలో నిలదీయుచున్నది. సారమేయ మను పేరు కుక్కకు ఆమె వలననే కలిగినది. కావున విషయము పండితులకు తగనిది కాదు.

కుక్క మనవలె మడమ మోపి నడవదు, వ్రేళ్లమీద నడచును. ముందఱి పాదము నెత్తి చూచినచో నాలుగు చిన్న మెత్తలును, వాని వెనుక త్రికోణమువంటి పెద్ద మెత్తయు, మణికట్టునకు వెనుక మఱియొక చిన్న మెత్తయు కనబడును. పైన గరుకైన దళసరి చర్మము, లోపల క్రొవ్వు. దేహభార మంతయు దానిపైననే. పుండు పడినచోటనే మరల మరల అడుగు మోపవలసివచ్చుటచేత పాదపు గాయములు ఆలస్యముగా మానును.

రోహిణికార్తెలో రోళ్లు పగులునని మనవారందురు. అట్టి యెండలో తారుబాట యెట్లుండునో చెప్పులు తొడిగిన మనకు తెలియదు. గత వేసవిలో మా వీథివాడొకడు పెంపుడు కుక్కను గొలుసుతో స్కూటరు వెంట మిట్టమధ్యాహ్నము పరుగెత్తించెను. సాయంకాలమునకు దాని నాలుగు పాదములయందును తోలు ఊడి ఎఱ్ఱని మాంసము కనబడినది. అది అఱవలేదు, మూల కూర్చుండి నాకుకొనుచుండెను. కుక్క బాధను దాచుకొనుటలో మనుష్యునికంటె గట్టిది. ఊరక పాదము నాకుకొనుటయే దాని మొఱ. యజమానుడు నెయ్యి పూయబోగా నేను వారించి, తొట్టిలో చల్లని నీరు పోయించి, పది నిమిషములకు పైగా పాదముల నందుంచి, పిదప పశువైద్యునియొద్దకు పంపితిని. మానుటకు మూడు వారములు పట్టినది. కాలిన చర్మముపై మంచుగడ్డ పెట్టరాదు. నెయ్యియు నూనెయు వేడిని లోపలనే బంధించును. బయలుదేరకమునుపే ముంజేతి వెనుకభాగమును బాటపై నానించి ఏడు లెక్కపెట్టుడు. మీకు ఓర్వరానిచో దానికిని ఓర్వరాదు.

ఇక ముండ్లు. మన పొలములలో తుమ్మముల్లు, పల్లేరుకాయ, పట్టణములలో గాజుపెంకు. కుంటు కుక్కను ఎంత సాధువైనను మూతికి మెత్తని గుడ్డపట్టె కట్టి చూచుట మేలు. నొప్పిలో అది తన వారినైనను కఱవవచ్చును. రొప్పుచున్నచో మాత్రము మూతి కట్టరాదు, ఏలయన తాపమును ముఖ్యముగా రొప్పుటచేతనే పోగొట్టుకొనును. కఱచినచో పదునైదు నిమిషములు సబ్బుతోను ధారనీటితోను కడిగి, ఆనాడే వైద్యశాలకు పోవలయును. పిచ్చికుక్క వ్యాధి విషయమున జాగు కూడదు.

వ్రేళ్లసందులు విడదీసి చూడుడు. అక్కడనే పిడుదులును దాగియుండును. పైకి కనబడు ముల్లును చిన్న శ్రావణముతో తిన్నగా లాగవలయును. లోతుగా దిగిన గాజును కదల్పక వైద్యునికే విడువుడు. అర లీటరు కాచి చల్లార్చిన నీట చిన్న చెంచాడు ఉప్పు కలిపి కడుగుడు. నెత్తురు కాఱుచున్నచో శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టుడు. పది నిమిషములకును ఆగకున్నచో వైద్యుడు చూడవలసినదే. కిరోసిను, ఫినాయిలు పోయువారిని చూచితిని. అది వైద్యము కాదు, హింస. మనము మ్రింగు నొప్పిమాత్రలు కుక్కకు విషము కాగలవు.

కట్టు కట్టునపుడు వ్రేళ్లనడుమ దూది యుంచి, కొనలు కనబడునట్లు కట్టుడు. అవి వాచినను చల్లబడినను కట్టు బిగిసినదని తెలియును. తడిసిన కట్టు, కట్టు లేకుండుటకంటె చెఱుపు, ప్రతిదినము మార్పవలయును. నాకకుండుటకు మెడకు గరాటువంటి పట్టెడ తొడుగుదురు. అలాస్కా దేశమున 1973 మొదలు జరుగుచున్న ఇడిటరాడ్ పందెమున మంచుపై పరుగెత్తు కుక్కలకు గుడ్డ జోళ్లు తొడిగెద రనిన మావారు నమ్మరు!

గోళ్లమాటయు కలదు. లోపలివైపు పైనుండు గోరు నేల తాకక, అరుగక, చుట్టుకొని చర్మములోనికే దిగును. నెల కొకసారి చూచుకొనుడు. మెత్తలు గట్టిపడి, జ్వరమును, ముక్కు కాఱుటయు కూడినచో అది గాయము కాదు, అంటువ్యాధి కావచ్చును. దానికి ముందుగా వేయించు టీకా కలదు.

వీథికుక్క దగ్గఱకు రానీయనిచో వెంటబడి పట్టకుడు. నీడపట్టున నీళ్లతొట్టి యుంచి, ఒకచోటనే అన్నము పెట్టుచు, అది పరుండు తావును పశువైద్యశాలవారికి చూపుడు.