చొక్కా పైనా, చొక్కా కిందా?

టెక్సస్‌లో దుకాణాల తలుపుల మీద, పనివేళల బోర్డు పక్కన, ఒక్కోచోట పొడవాటి నోటీసు ఒకటి అంటించి ఉంటుంది. అదే మాట ఇంగ్లీషులో ఒకసారి, స్పానిష్‌లో ఇంకోసారి. అక్షరాలు కనీసం అంగుళం ఎత్తుండాలని, వెనక రంగులో కలిసిపోకుండా కొట్టొచ్చినట్టు కనిపించాలని చట్టమే కొలతలిచ్చింది. అందులో శిక్షాస్మృతి సెక్షన్ 30.06 అని ఉంటే, లైసెన్సున్నా సరే తుపాకీ దాచుకుని లోపలికి రావద్దని అర్థం. 30.07 అని ఉంటే, నలుగురికీ కనిపించేలా పెట్టుకుని రావద్దని. రెండూ వద్దనుకునే యజమాని రెండు నోటీసులూ అంటించుకోవాలి, తలుపు సగం వాటికే సరిపోతుంది. అయితే కొన్ని పెద్ద సంస్థలు రెండోదానితోనే సరిపెట్టుకున్నాయి. లైసెన్సుదారులు నడుముకు పిస్తోలు బాహాటంగా తగిలించుకుని తిరగొచ్చని టెక్సస్ 2016 జనవరి 1 నుంచి అనుమతించింది. అది అమల్లోకి రాకముందే, 2015లోనే, అక్కడ పుట్టి పెరిగిన వాటాబర్గర్ సంస్థ అధిపతి ప్రెస్టన్ అట్కిన్సన్ ఒక బహిరంగ లేఖ రాశాడు. తానూ వేటకు వెళ్తానని, తనకూ తుపాకీ లైసెన్సుందని చెబుతూనే, పిల్లాపాపలతో వచ్చేవాళ్లు ఇబ్బంది పడతారు గనక కనిపించే తుపాకీలు తమ హోటళ్లలోకి వద్దన్నాడు. దాచుకుని వస్తే పేచీ లేదు. తుపాకీ అంటే గిట్టనివాడి మాట కాదిది. మనిషి అతనే, తుపాకీ అదే, లైసెన్సూ అదే. మధ్యలో ఉన్నది జానెడు చొక్కా గుడ్డ. దానికంత విలువ ఎందుకొచ్చినట్టు?

అమెరికాలో ఈ తేడాకు పేర్లున్నాయి. పైకి కనిపించేలా పెట్టుకుంటే ఓపెన్ క్యారీ, బట్టల కింద దాచుకుంటే కన్సీల్డ్ క్యారీ. రాష్ట్రానికో చట్టం. దాచుకుని తిరగడానికి ఒకప్పుడు దాదాపు అన్నిచోట్లా లైసెన్సు కావాల్సి వచ్చేది. 2024 నాటికి 29 రాష్ట్రాలు అదీ అక్కర్లేదనేశాయి. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో తెలుగు మాట వినిపించడం మామూలైపోయిన ఈ రోజుల్లో, గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తల్లిదండ్రులకు ఇది మరీ పరాయి సంగతేమీ కాదు. తుపాకీ పెట్టుకునే అమెరికన్లు ఏది మేలన్న దానిపై ఏళ్లుగా వాదించుకుంటున్నారు. ఏది చప్పున చేతికందుతుంది, ఏది దొంగను జడిపిస్తుంది, ఏది ఎండాకాలంలో ఉక్కపోయదు... అన్నీ పెట్టుకున్నవాడి వైపు నుంచి వేసే లెక్కలే. నాకు తోచినంతవరకు ఈ ప్రశ్నను పక్కన నిలబడ్డవాడి వైపు నుంచి అడగాలి. అలా అడిగితే తేలేది ఇది: తుపాకీ వీధికి కనిపించకూడదు, ప్రభుత్వానికి మాత్రం కనిపించి తీరాలి. ఈ రెండో షరతు ఊడిపోతే మొదటిదాన్ని సమర్థించడం నావల్ల కాదు.

రెండు వందల ఏళ్ల కిందట అమెరికన్ల నీతి దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండేది. 1813లో కెంటకీ, లూసియానా ఆయుధం దాచుకుని తిరగడాన్ని నేరం చేశాయి. పైకి పెట్టుకుంటే తప్పులేదు. మర్యాదస్తుడికి దాపరికమెందుకు, కోటు కింద కత్తి దోపుకున్నవాడు వెన్నుపోటు పొడవడానికే వస్తాడు అన్నది ఆనాటి తర్కం. 1850లో లూసియానా సుప్రీంకోర్టు చాండ్లర్ కేసులో దాదాపు ఇదే మాటను తీర్పుగా రాసింది. తుపాకీ కలిగి ఉండటం వ్యక్తిగత హక్కని అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన 2008 నాటి హెల్లర్ తీర్పులో కూడా, దాచుకుని తిరగడంపై నిషేధం చెల్లుతుందని 19వ శతాబ్దపు కోర్టుల్లో ఎక్కువ భాగం అభిప్రాయపడ్డాయని జస్టిస్ స్కాలియా గుర్తుచేశాడు. ఆ తర్కం ఆ ఊళ్లకు సరిపోయింది. ఎదురొచ్చేవాడు ఎవరి కొడుకో, ఎవరితో తగాదాలో ఉన్నాడో అందరికీ తెలిసినచోట, అతని నడుమున వేలాడే తుపాకీ ఒక కబురు మాత్రమే. మనిషి తెలియని చోట అదే తుపాకీ బెదిరింపు అవుతుంది. ఇంకో సంగతి కూడా మరిచిపోకూడదు. బాహాటంగా ఆయుధం ధరించే ఆ మర్యాద తెల్లవాళ్లది. దక్షిణాది రాష్ట్రాల్లో బానిసల చేతికి తుపాకీ చిక్కకుండా చట్టాలు వేరే ఉండేవి.

ఆ చివరి సంగతి 1967లో కాలిఫోర్నియాలో బట్టబయలైంది. ఓక్లండ్‌లో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ నాయకత్వంలో బ్లాక్ పాంథర్లనే నల్లజాతి ఉద్యమకారులు ఒక చేత్తో తుపాకీ, ఇంకో చేత్తో చట్టం పుస్తకం పట్టుకుని పోలీసు కార్ల వెంట తిరిగేవాళ్లు. పోలీసులు ఎవరైనా నల్లజాతి మనిషిని ఆపితే, కాస్త ఎడంగా నిలబడి చూసేవాళ్లు. తూటాలు నింపిన తుపాకీ బాహాటంగా పట్టుకోవడం అప్పటి చట్టం ప్రకారం తప్పేమీ కాదు. దాన్ని తప్పు చేయడానికి ఓక్లండ్ ప్రాంతపు శాసనసభ్యుడు డాన్ మల్ఫర్డ్ బిల్లు తెచ్చాడు. అందుకు నిరసనగా మే 2న సుమారు 30 మంది పాంథర్లు తుపాకీలతోనే శాక్రమెంటోలోని శాసనసభ భవనంలోకి నడిచివెళ్లారు. ఆ నడక బిల్లును ఆపలేదు సరికదా, దానికి ఊపిరిపోసింది. గవర్నర్ రోనాల్డ్ రీగన్ జూలైలో సంతకం పెట్టాడు. తర్వాతి కాలంలో తుపాకీ హక్కుల వర్గం నెత్తిన పెట్టుకున్న రీగనే! దానికి భిన్నంగా, 2020 ఏప్రిల్ 30న మిషిగన్ శాసనసభలోకి కోవిడ్ ఆంక్షల మీద కోపంతో వచ్చినవాళ్లలో కొందరు రైఫిళ్లు భుజాన వేసుకునే వచ్చారు, వాళ్లలో తెల్లవాళ్లే ఎక్కువ. ఆ భవనంలో ఓపెన్ క్యారీని ఆపడానికి 2021 జనవరి దాకా పట్టింది. కనిపించే తుపాకీతో వచ్చిన చిక్కే ఇది. దాని అర్థాన్ని నిర్ణయించేది పట్టుకున్నవాడు కాదు, చూసేవాడు. చూసేవాడి మనసులో ఏ భయాలున్నాయో, ఏ రంగు గురించి ఏం నూరిపోశారో, అవన్నీ ఆ క్షణంలో తీర్పు చెబుతాయి. అందరికీ సమానమని రాసుకున్న హక్కు, వాడే చోటికి వచ్చేసరికి మనిషికో రకంగా మారిపోతుంది.

ఒహాయోలో తుపాకీ బాహాటంగా పట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. 2014 ఆగస్టు 5న ఆ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ వాల్‌మార్ట్‌లో 22 ఏళ్ల నల్లజాతి యువకుడు ఫోన్లో మాట్లాడుకుంటూ, అక్కడే అమ్మకానికి పెట్టిన ఎయిర్ రైఫిల్ ఒకటి అరలోంచి తీసుకుని తిరుగుతున్నాడు. ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. వచ్చిన పోలీసులు క్షణాల్లో కాల్చి చంపారు. చేతిలో ఉన్నది నిజం తుపాకీయే అయినా ఆ రాష్ట్రంలో అది నేరం కాదన్న మాట అతన్ని కాపాడలేకపోయింది. 2016 జూలై 7న డాలస్‌లో జరిగింది ఇంకో రకం. పోలీసు కాల్పులకు నిరసనగా సాగిన ఊరేగింపులో 20, 30 మంది రైఫిళ్లు తగిలించుకుని నడిచారు, చట్టబద్ధంగానే. ఒకడు గురిపెట్టి అయిదుగురు పోలీసులను చంపాడు. కాల్పులు మొదలవగానే రైఫిళ్లున్నవాళ్లు కూడా పరుగులు తీశారు. ఎవడు కాలుస్తున్నాడో, ఎవడు పారిపోతున్నాడో తేల్చుకోవడం పోలీసులకు తలకు మించిన పనైంది. ఊరేగింపులో రైఫిల్‌తో నడిచిన ఒక మనిషి ఫొటోను అనుమానితుడంటూ పోలీసులే లోకానికి చూపించారు. అతను తన తుపాకీ అప్పగించి, తనకేమీ సంబంధం లేదని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. మనస్తత్వ శాస్త్రవేత్తలు బెర్కోవిట్జ్, లపేజ్ 1967లో చేసిన ఒక ప్రయోగాన్ని కూడా ఇక్కడ చెబుతుంటారు. అప్పటికే కోపంలో ఉన్నవాడి ముందు బల్ల మీద తుపాకీ పడి ఉంటే, ఎదుటివాడికి ఎక్కువ కరెంటు షాకులిచ్చాడట. తర్వాతి ప్రయోగాల్లో కొన్ని దాన్ని బలపరిచాయి, కొన్ని బలపరచలేదు. కాబట్టి నా వాదనను దానిమీద నిలబెట్టను. బీవర్‌క్రీక్, డాలస్ చాలు.

దొంగ జడుస్తాడు కదా అన్నది మొదటి అభ్యంతరం. జడిసేవాడు జడుస్తాడు, జడవనివాడు ముందు ఎవరి పని పట్టాలో తెలుసుకుంటాడు. పోలీసు నడుమున ఉండే హోల్‌స్టర్‌ను దగ్గర్నుంచి చూస్తే సంగతి అర్థమవుతుంది. పిస్తోలు మీద ఒక మూత ఉంటుంది. బొటనవేలితో దాన్ని కిందికి నొక్కి, ముందుకు తిప్పితే తప్ప పిస్తోలు పైకి రాదు. కొన్నింటిలో ఇంకో మీట కూడా. ఇవన్నీ వెనక నుంచి ఎవడైనా లాక్కోకుండా చేసిన ఏర్పాట్లు, వాటిని తీయడంలో పోలీసులకు తర్ఫీదిస్తారు. అంగట్లో చవగ్గా దొరికే హోల్‌స్టర్‌కు ఆ హంగులేవీ ఉండవు. ఒక చేత్తో పాల డబ్బా, ఇంకో చేత్తో పిల్లాడి చెయ్యి పట్టుకుని బిల్లు కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషి నడుమున, తన కంటికి కనిపించని వైపు, పక్కవాడి చేతికి అందే ఎత్తులో వేలాడే తుపాకీ కాపలా కాస్తోందో, కాపలా అడుగుతోందో చెప్పడం కష్టం.

రెండో అభ్యంతరం ఇంత తేలిగ్గా పోయేది కాదు. దాచుకున్న తుపాకీ మోసం కాదా, పక్కన ఉన్నవాడికి తెలుసుకునే హక్కు లేదా? పైగా దాచుకున్నవాడికి మాత్రం క్షేమమేముంది? డాలస్ ఊరేగింపుకు కారణమైన ఘటనల్లో ఒకటి అంతకు ముందురోజే మినసోటాలోని ఫాల్కన్ హైట్స్‌లో జరిగింది. స్కూలు వంటశాలలో పనిచేసే 32 ఏళ్ల నల్లజాతి ఉద్యోగి, లైసెన్సున్నవాడు, కారు ఆపిన పోలీసుకు తన దగ్గర తుపాకీ ఉందని తానే చెప్పాడు. ఆ మరుక్షణమే పోలీసు ఏడుసార్లు కాల్చాడు. దాచుకున్న తుపాకీ కూడా ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుందని, బయటపడిన క్షణంలో కనిపించే తుపాకీకున్న ప్రమాదమంతా దానికీ ఉంటుందని ఒప్పుకోవాల్సిందే. తేడా ఎంతసేపన్న దానిలో ఉంది. ఒకటి నడివీధిలో నడిచినంతసేపూ ప్రతి కంటికీ పరీక్ష పెడుతుంది. రెండోది అరుదుగా, అదీ చాలావరకు పోలీసు ముందు. పోలీసుకు ఎలా మసులుకోవాలో నేర్పించొచ్చు. దారిన పోయేవాళ్లందరికీ నేర్పించలేం. ఇక నేరాల లెక్కలంటారా, ఎవరి దగ్గర తుపాకీ ఉందో తెలియకపోవడం వల్ల దొంగలు అందరికీ భయపడతారని ఆర్థికవేత్త జాన్ లాట్ 1998లో పుస్తకం రాశాడు. ఆ లెక్కలతో అటూ ఇటూ తేల్చలేమని అమెరికా జాతీయ పరిశోధన మండలి 2004లో చెప్పింది. దాచుకుని తిరగడాన్ని సులభం చేసిన రాష్ట్రాల్లో పదేళ్లకు హింసాత్మక నేరాలు, లేకుంటే ఉండాల్సిన దానికన్నా 13 నుంచి 15 శాతం ఎక్కువగా తేలాయని స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ డోనహ్యూ బృందం 2019లో ప్రకటించింది. ఆ అంకె నా వాదనకూ గుచ్చుకుంటుంది, దాచిపెట్టనక్కర్లేదు. చొక్కా గుడ్డ వీధిలో భయాన్ని కప్పుతుంది తప్ప, తుపాకీల సంఖ్యను తగ్గించదు. ఆ పని చేయగలిగింది లైసెన్సు కార్యాలయమే.

ఎవరో భయపడతారని నా హక్కు వదులుకోవాలా అని ఇంకొందరు అడుగుతారు. ఆంగ్ల న్యాయ సంప్రదాయం దీనికెప్పుడో జవాబిచ్చింది. 1328 నాటి నార్తాంప్టన్ చట్టం సంతల్లో ఆయుధాలతో తిరగడాన్ని నిషేధించింది. జనాన్ని జడిపించేలా ఆయుధం పట్టుకుని తిరగడం నేరమని 18వ శతాబ్దంలో ఆంగ్ల న్యాయవేత్త బ్లాక్‌స్టోన్ రాశాడు. అమెరికా సుప్రీంకోర్టు మాత్రం 2022 నాటి బ్రూయెన్ తీర్పులో బయట తుపాకీ ధరించే హక్కుందని, ప్రత్యేక కారణం చూపమని న్యూయార్క్ అడగడం చెల్లదని తేల్చింది. ఒక పద్ధతికి దారి వదిలి రెండోదాన్ని కట్టడి చేసిన పాత చట్టాలను అదే తీర్పు ప్రస్తావించింది. 1987 నుంచీ దాచుకోమనే చెబుతూ వచ్చిన ఫ్లోరిడాలో 2025 సెప్టెంబరులో ఒక అప్పీలు కోర్టు, చరిత్ర పైకి పెట్టుకోవడం వైపే ఉందంటూ ఓపెన్ క్యారీ నిషేధాన్ని కొట్టేసింది. అందరూ అందరికీ తెలిసిన పల్లెల నీతిని ముక్కూమొహం తెలియని జనంతో కిక్కిరిసిన మయామీకి తొడగడం నాకైతే చరిత్రను గౌరవించినట్టు అనిపించదు.

మన దేశంలో ఆయుధం ధరించడం హక్కు కాదు, 1959 ఆయుధాల చట్టం కింద దయచేసే లైసెన్సు. కాబట్టి పోలిక సరిగ్గా కుదరదు. అయినా ఒక సంగతి ఆసక్తికరం. 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సుదారు బహిరంగ స్థలంలో పిస్తోలును హోల్‌స్టర్‌లో, పూర్తిగా కప్పి ఉంచాలి. ఎత్తి చూపించి ఝళిపిస్తే లైసెన్సుకే ఎసరు. పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చే సరదాకు 2019 సవరణ రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా పెట్టింది. ఎన్నికలొస్తే చాలామంది తుపాకులు స్టేషన్‌లో అప్పగించాలి. అంటే కాగితం మీద మనవాళ్లు ఎంచుకున్నది, ప్రభుత్వానికి తెలిసి వీధికి తెలియని తుపాకీనే. కనిపించే తుపాకీ మీద మోజు మాత్రం మనకేం తక్కువ? టూ ప్లస్ టూ గన్‌మెన్ కోసం మన నాయకులు పడే తాపత్రయంలో ప్రాణభయం ఎంతో, కారు దిగగానే నలుగురి కళ్లు ఆ తుపాకుల మీద పడాలన్న కోరిక ఎంతో, చూసేవాళ్లకు తెలుసు.

టెక్సస్ లైసెన్సుకు నాలుగు నుంచి ఆరు గంటల తరగతి ఉంటుంది. తుపాకీ ఎప్పుడు వాడొచ్చో, పిల్లలకు అందకుండా ఎక్కడ పెట్టాలో, మాటా మాటా పెరిగినప్పుడు గొడవ ఎలా చల్లార్చాలో చెబుతారు. ఆపైన మూడు, ఏడు, పదిహేను గజాల దూరాల నుంచి 50 తూటాలు కాల్పించి, 250కి 175 మార్కులొస్తేనే పాస్ చేస్తారు. 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టం తుపాకీ వద్దనని వాళ్లెవరికీ ఆ తరగతి తప్పనిసరి కాదు. పైకి పెట్టుకున్నా సరే, దాచుకున్నా సరే. దాంతో దుకాణాల తలుపులకు మూడో నోటీసు వచ్చింది, సెక్షన్ 30.05: లైసెన్సు లేకుండా తుపాకీతో లోపలికి రావద్దని. లోపలికొచ్చేవాడి తుపాకీ చొక్కా కింద ఉంటే, అతని దగ్గర లైసెన్సుందో లేదో మాట అటుంచి, తుపాకీ ఉందన్న సంగతే కౌంటరు వెనక కుర్రాడికి తెలిసే దారి లేదు.