సూర్యలంక తీరం – సముద్ర తాబేలు

తెనాలి నుండి బయలుదేరిన రైలుమార్గాలలో ఒకటి బాపట్లకు, మరొకటి రేపల్లెకు చేరుతుంది. బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరాన సూర్యలంక సముద్రతీరం, రేపల్లెకు దక్షిణాన నిజాంపట్నం రేవు ఉన్నాయి. ఈ రెండూ 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోనివి. 17వ శతాబ్ది ఆరంభంలో డచ్చివారు, ఆంగ్లేయులు వర్తకానికై దిగిన ప్రాచీన రేవు నిజాంపట్నం. నేడది మరపడవలకు ఆశ్రయం. సూర్యలంకలో కార్తీక పౌర్ణమినాడు వేలాది జనులు సముద్రస్నానం చేస్తారు. ఈ తీరానికి ఏటా వచ్చే అతిథి మరొకటి కలదు. అదే ఆలివ్ రిడ్లే జాతి సముద్ర తాబేలు.

కూర్మం, కచ్ఛపం, కమఠం అని మన కవులు తాబేలును పలు పేర్లతో వర్ణించారు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో విష్ణువు కూర్మరూపంలోనే పూజలందుకొంటున్నాడు. అంతటి గౌరవం పొందిన ప్రాణికి నేడు సముద్రంలోనే రక్షణ కరవైంది.

ముఖ్యంగా జనవరి నుండి మార్చి వరకు ఆడ తాబేళ్లు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి, ఇసుకలో గుంత త్రవ్వి, ఇంచుమించు నూరు గుడ్లు పెట్టి, వాటిని ఇసుకతో కప్పి వెళ్లిపోతాయి. పొదిగేది తల్లి కాదు, ఇసుకలోని వెచ్చదనమే. ఆ వేడిమి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు అధికంగా పుడతాయి. 45 నుండి 60 రోజులలో వెలువడిన పిల్లలు వెలుతురు కనిపించే దిక్కుకు నడుస్తాయి. చీకటి రాత్రిలో ఆ వెలుతురు సముద్రానిదే. తీరంలో విద్యుద్దీపాలు వెలిగితే అవి దారి తప్పి, కుక్కలకు, కాకులకు ఆహారమవుతాయి. అందువలన అటవీశాఖ సిబ్బంది గుడ్లను సేకరించి, కంచె వేసిన కేంద్రాలలో సంరక్షించి, పిల్లలను కడలిలో విడిచిపెడుతున్నారు.

తాబేలు నీటిలో జీవించినా ఊపిరితిత్తులతోనే శ్వాసిస్తుంది. రొయ్యల కోసం మరపడవలు లాగే పెద్దవలలో చిక్కినపుడు, పైకి వచ్చి గాలి పీల్చలేక మరణిస్తుంది. దీనికి విరుగుడుగా వలలో ఏటవాలుగా ఊచల చట్రాన్ని అమర్చుతారు. రొయ్యలు ఊచల సందుల గుండా వల చివరకు చేరుతాయి. తాబేలు చట్రానికి తగిలి, అచటి ద్వారం నుండి బయటపడుతుంది. దానితోపాటు పెద్దచేపలు కూడా జారిపోతాయని మత్స్యకారుల భయం. రోజంతా శ్రమించి ఇంధనపు ఖర్చయినా రాబట్టుకోవలసిన వారికి ఆ భయం సహజమే. ఈ చట్రం లేని వలలతో పట్టిన రొయ్యలను 1990ల దశకంలో అమెరికా నిషేధించగా, భారతదేశంతో సహా నాలుగు దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థను ఆశ్రయించాయి.

తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేట నిషిద్ధం. ఆ విరామం చేపల సంతతిని కాపాడుతుంది. అయితే తాబేళ్లు తీరానికి చేరే కాలం అంతకు ముందే గడచిపోతుంది. కనుక వాటికి ఆ నిషేధం ఒక్కటే చాలదు. మరపడవలు ఒడ్డుకు 8 కిలోమీటర్ల లోపు వేటాడరాదనే నియమాన్ని పాటించడం, వలలో చట్రం అమర్చడం ఆవశ్యకం. చట్రం వలన కలిగే నష్టభారాన్ని మత్స్యకారునిపైననే మోపడం న్యాయం కాదు.

చేపపిల్లలను తినే జెల్లీచేపలు తాబేళ్లకు ఆహారం. అందుచేత తాబేలు బ్రతికితే చేపల సంపదకూ మేలే. నీటిలో తేలే ప్లాస్టిక్ సంచిని జెల్లీచేపగా భ్రమించి మ్రింగిన తాబేలు ప్రాణాపాయానికి లోనవుతుంది. విహారానికి వెళ్లినవారు తాము తెచ్చిన సంచులను తిరిగి తీసుకొనిపోవడం, రాత్రివేళ దీపాలు ఆర్పివేయడం, గూళ్లున్నచోట వాహనాలు నడపకుండుట – ఇవి ఎవరికైనా సాధ్యమైన పనులే.