బాటరీ దీప మెంతసేపు వెలుగును?

2025వ సంవత్సరము ఆగష్టు మాసాంతమున కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములను మహావర్షములు ముంచెత్తినపుడు పెక్కు గ్రామములలో విద్యుత్తు నిలిచిపోయెను. అట్టి రాత్రి ఇంట ఇన్వర్టరు గలవారికి సైతము ఒక చింత కలుగును: ఈ దీపము తెల్లవారువరకు నిలుచునా? విద్యార్థులారా, దీనికి జోస్యముతో పనిలేదు. మీరు నేర్చిన గుణకార భాగహారములే చాలును.

ఎల్లారెడ్డికి చేరువ, మంజీరానదిపై 1931లో పూర్తియైన నిజాంసాగరమును మీలో పలువురు చూచియుందురు. జలాశయమున నీరెంత కలదో, కాలువ కెంత పోవుచున్నదో తెలిసినయెడల అది యెన్నిదినములు వచ్చునో చెప్పవచ్చును. బాటరీయు నట్టిదే. దానిపై వోల్టులును, ఆంపియర్-గంటలును వ్రాయబడి యుండును. ఆ రెండంకెలను గుణించిన, నిలువయున్న శక్తి వాట్-గంటలలో తెలియును. 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బాటరీలో 12 × 150 = 1800 వాట్-గంటలు గలవు.

అయితే తూము మట్టమునకు దిగువనున్న నీరు కాలువకు రానట్లే ఈ శక్తి యంతయు మనకు దక్కదు. సీసపు బాటరీని మాటిమాటికి పూర్తిగా వట్టిచేసిన నది త్వరలో చెడును. సగము వాడుటయే క్షేమము. అనగా 900. ఇన్వర్టరులో నైదవవంతు వ్యయమగునని యెంచిన మిగులునది 720.

72 వాట్ల పంకా యొకటి, 9 వాట్ల దీపములు రెండు నడచుచున్నవనుకొందము. మొత్తము 90 వాట్లు. 720 ÷ 90 = 8 గంటలు. పంకా నాపినచో ఖర్చు 18 వాట్లే. లెక్క 40 గంటలు చూపును. కాని ఇన్వర్టరు ఊరక పనిచేయుచుండుటకే కొంత శక్తి వలయును గనుక అంతకాలము రాదు. అయినను ఒక రాత్రి గడచి, మరునాటి రాత్రికిని వెలుగు మిగులును.

మరి రెండు సంగతులు మరువరాదు. చెరువులో పూడిక చేరినట్లు, బాటరీ పాతబడినకొలది దాని నిలువ తగ్గును. మిక్కిలి వేగముగా శక్తిని లాగినను మొత్తముమీద వచ్చునది తక్కువయగును. కావున వానలేని దినమున కరెంటు పోయినపుడు గడియారము చూచి, మీ యింటి బాటరీ యెంతసేపు వచ్చునో పరీక్షించి, లెక్కతో సరిపోల్చుడు.

ఆ యంకెను కాగితముపై వ్రాసి ఇన్వర్టరు చెంత నంటింపుడు. ఆపద వచ్చినపుడు ఏది యార్పవలెనో, ఏది నిలుపవలెనో ముందే తెలిసిన యింట చీకటి భయము సగము తీరును.